ప్రాంప్టర్ మీద పదకొండు

రఘూత్తమన్ ముందు ఏది పెడితే అది చదివేస్తాడని కాక్కనాడులోని ఆ వార్తా ఛానెల్ మొత్తానికీ తెలుసు. కెమెరా కటకం ముందు ఏటవాలుగా ఒక గాజుపలక ఉంటుంది. దాని మీద అక్షరాలు కిందినుంచి పైకి జరుగుతుంటాయి. ప్రాంప్టర్ అంటారు దాన్ని. ఆయన ఆ అక్షరాల్నే చూస్తూ, రాష్ట్రమంతా తన కళ్ళలోకే చూస్తోందన్న ధీమాతో వార్తలు చెబుతాడు. చేతిలో కాగితాలు ఉత్త షోకు. బల్ల పైన కోటూ టైయ్యీ, బల్ల కింద తెల్ల పంచె, హవాయి చెప్పులు. కిందటి ఓణం పండక్కి డెస్కులో ఎవరో తుంటరి "ఇక్కడ దగ్గొద్దు సార్" అని స్క్రిప్టు మధ్యలో రాసి, తీసేయడం మరిచిపోయారు. మహానుభావుడు దాన్నీ వదల్లేదు. ముఖ్యమంత్రి పర్యటన వార్త తరవాత అంతే గంభీరంగా "ఇక్కడ దగ్గొద్దు సార్" అని జనానికి చెప్పేశాడు. వారం రోజులు క్యాంటీన్లో అదే నవ్వు.

ఆ అక్షరాల్ని జరిపే చెయ్యి బిన్సిది. రెండో కెమెరా వెనక చీకటి మూలలో ఒక ల్యాప్‌టాప్, తిప్పడానికి చిన్న మీట, చెవులకి హెడ్‌ఫోను. అదే ఆమె చోటు. మీట తిప్పితే రఘూత్తమన్ చదువుతాడు, ఆపితే ఆగుతాడు. పదేళ్ళుగా ప్రతి వార్తా ఆయనకంటే ఒక్క వాక్యం ముందు ఆమె చూసింది. ఎన్నికలు, పెళ్ళిళ్ళు, పడవ ప్రమాదాలు, అన్నీ చూసింది. ఏ ఒక్కటీ తనది కాదు.

ఇవాళ్టిది తనది.

కర్కాటకమాసం వానలకి తెల్లవారుజామున మణలిప్పార టీ ఎస్టేటు మీద కొండ విరిగిపడింది. బిన్సి పుట్టింది అక్కడి కూలీల లైన్ ఇళ్ళలోనే. తల్లి త్రేస్యామ్మ ఇప్పటికీ అక్కడే ఉంటోంది. పొద్దున్నించీ ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి దానంతటదే మోగింది.

"బిన్సీ, ఏడవకు. ముందు వినవే," అంది త్రేస్యామ్మ, కూలీల మీద అరిచే గొంతుతోనే. "మూసేసిన పాత ఫ్యాక్టరీలో ఉన్నాం. ఆకు ఆరబెట్టే అటక మీదికి ఎక్కించాను అందర్నీ. పదకొండు మంది. మూడుసార్లు లెక్కపెట్టా, పదకొండే. వంతెన కొట్టుకుపోయింది, అటు రావొద్దను. రోప్‌వే స్తంభాల పక్క కాలిబాట ఇంకా నిలిచే ఉంది, అటునుంచి రమ్మను. నేను అవతలి కొసకి పోయి బాయిలర్ గది కిటికీ దగ్గర బట్ట ఊపుతూ ఉంటా. ఈ ఫోను చచ్చేట్టుంది. నువ్వు అన్నం తిన్నావా?"

"అమ్మా! అమ్మా..."

ఫోను అప్పటికే చచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఆకు కోసే ఆడవాళ్ళ గుంపుకి త్రేస్యామ్మే పెద్ద. ఆమె లెక్క తప్పగా ఎస్టేటులో చూసినవాళ్ళు లేరు.

బిన్సి అద్దాల గదికి పరుగెత్తింది. ప్రొడ్యూసర్ దినరాజ్ అక్కడే డజను తెరల ముందు కూర్చుని, అందరి చెవుల్లోకీ ఆజ్ఞలు పంపుతుంటాడు. దుర్మార్గుడేం కాదు. విన్నాడు, సహాయక కేంద్రానికి తనే నాలుగుసార్లు ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు.

"ఫ్యాక్టరీ ప్రాంతం నిన్న రాత్రే ఖాళీ చేయించామని అధికారులు రాసిచ్చారు బిన్సీ. ఇంకొక్క చోటునుంచైనా ధ్రువీకరణ రావాలి."

"మా అమ్మ ధ్రువీకరించింది కదా సార్!"

"నీకు అమ్మ. నాకు ఆధారం లేని ఫోన్‌కాల్. పోయిన ఏడాది ఇలాగే తొందరపడి వేసి, మూడు రోజులు క్షమాపణలు చెప్పుకున్నాం. నువ్వు ఇంటికెళ్ళు, నీ బదులు ఎవరినైనా కూర్చోబెడతాను."

ఇంటికా? ఇల్లు మట్టికింద ఉంటే ఏ ఇంటికి పోవాలి? ఆమె తన మూలకి వెళ్ళి కూర్చుంది. మూడున్నరదాకా తనకి తెలిసిన ప్రతి నంబరుకీ చేసింది. పోలీసులు, అగ్నిమాపక దళం, చర్చి ఫాదర్. కొన్ని కలవలేదు. కలిసినవాళ్ళు రాసుకుంటాం అన్నారు.

నాలుగింటి బులెటిన్ మొదలైంది. ఫ్లోర్ మేనేజర్ వేళ్ళు మడిచాడు, మూడు, రెండు, ఒకటి. మీట తిప్పుతూ బిన్సి కింది పేరాలు చూసింది. ఆరో పేరాలో ఉంది: "ఫ్యాక్టరీ ప్రాంతంలో ఎవరూ మిగల్లేదు. మరోసారి కొండ విరిగే ప్రమాదం ఉన్నందున ఐదు గంటలకి గాలింపు నిలిపివేస్తారు."

ఈ మాట తన చేత్తో తనే పైకి తిప్పాలి. తిప్పితే ఆయన చదువుతాడు, చదివితే అది నిజమైపోతుంది.

కుడిచెయ్యి మీట మీద ఉంచి, ఎడంచేత్తో ఆ పేరా చెరిపేసింది. రఘూత్తమన్ మూడో పేరాలో ఉన్నాడు. ఒంటిచేత్తో టైపు చేయడం మొదలుపెట్టింది. ఆయన ఐదో పేరాకి వచ్చేసరికి ఆఖరి మాట పడింది.

"మణలిప్పార పాత ఫ్యాక్టరీ అటక మీద పదకొండు మంది ప్రాణాలతో ఉన్నారు," అని చదివాడు రఘూత్తమన్, రెప్ప వేయకుండా. "వంతెన వైపు వెళ్ళవద్దు. రోప్‌వే స్తంభాల పక్క కాలిబాట నిలిచే ఉంది..."

"ఏమిటది? ఎవడు రాశాడది?" హెడ్‌ఫోన్‌లో దినరాజ్ అరిచాడు. "ఆపండి సార్! ప్రకటనలకి వెళ్తున్నాం, ఆపండి!"

ఆ అరుపు రఘూత్తమన్ చెవిలోనూ పడింది. ఆయన తడబడి గాజు వైపు చూశాడు. బిన్సి వేళ్ళు పరుగెత్తాయి. గాజు మీద ఒక్క వాక్యం పైకి వచ్చింది: "మా అమ్మ అక్కడుంది సార్, ఆపకండి."

ఏది పెడితే అది చదివే మనిషి, దాన్ని మాత్రం చదవలేదు. కాగితాలు బల్ల మీద పెట్టాడు. చెవిలోంచి ఇయర్‌ఫోన్ పీకేశాడు. "మళ్ళీ చెబుతున్నాను," అని సొంతంగా, తప్పులతో, నత్తితో, ఆ దారి మొత్తం మళ్ళీ చెప్పాడు. ఆయనకి నత్తి ఉందని పదేళ్ళలో బిన్సికి తెలియదు.

ప్రకటనలు పడగానే దినరాజ్ ఊడిపడ్డాడు. "బయటికి నడు! గుర్తింపు కార్డు ఇచ్చేసి నడు!"

"చదివింది నేనయ్యా," అన్నాడు రఘూత్తమన్.

"మీరు గోడ మీద రాసినా చదువుతారు సార్, మీరు మాట్లాడకండి!"

బిన్సి కార్డు తీసిచ్చి వరండాలో టీ ఫ్లాస్కు పక్కన కూలబడింది. ఎదురుగా గోడకి టీవీ. ఉద్యోగం పోయిందన్న ధ్యాసే లేదు. ఐదుకి పది నిమిషాలుండగా, నది ఇవతలి గట్టునుంచి రిపోర్టర్ చెప్పాడు, ఎస్టేటు కుర్రాళ్ళని వెంటబెట్టుకుని ఒక సహాయక బృందం రోప్‌వే బాట పట్టిందని. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆరింటికి అద్దాల గదిలో చప్పట్లు. దినరాజ్ పరుగున వచ్చి పక్కనే నేల మీద కూర్చున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "రెండు విడతలుగా దించారు బిన్సీ. పదకొండుకి పదకొండు! లెక్క సరిపోయింది, బృందం వెనక్కి బయల్దేరింది. పేర్లు చదువుతున్నారు, విను." ఆమె కార్డు ఆమె ఒళ్ళో పెట్టాడు.

రఘూత్తమన్ చదువుతున్నాడు. కుంజుమోళ్. సెల్వరాణి. సెల్వరాణి ఇద్దరు పిల్లలు. తంకప్పన్. అందరూ తెలిసినవాళ్ళే, ప్రతి పేరుకీ బిన్సి తల ఊపింది. తొమ్మిది. పది. ఈసారి తరవాతి పేరు ముందుగా చూస్తున్నది ఆయన, తను కాదు. పదకొండో పేరు జానకి.

ఆయన ఆగిపోయాడు. జాబితా అయిపోయింది.

"మీ అమ్మ పేరు..." అన్నాడు దినరాజ్.

బిన్సికి కూలీల్ని లైన్ ఇళ్ళకి చేర్చే సాయంత్రం లారీ కళ్ళముందుకొచ్చింది. తల్లి కింద నిలబడి ఒక్కొక్కరినీ వీపు తట్టి లెక్కపెట్టి ఎక్కించేది. సరిపోయారు, బండి పోనీ అనేది. అప్పుడు తను ఎక్కేది, ఏ లెక్కలోనూ లేకుండా. ముందు దిగినవాళ్ళు ఆమె వెనకాల వస్తోందనుకుని ఉంటారు, వెనకాలవాళ్ళు ముందే దిగిందనుకుని ఉంటారు. పదకొండు అని రాష్ట్రమంతటికీ చెప్పించింది ఎవరు? తనే.

స్టూడియో తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఆమె తోసుకుని లోపలికి పోయింది. ఫ్లోర్ మేనేజర్ చేతులు అడ్డం పెట్టాడు. గాజు మీద పెట్రోలు ధర వార్త జరుగుతోంది.

"పన్నెండు సార్!" అని అరిచింది, కెమెరా పక్కనే నిలబడి. "అమ్మ తనని లెక్కపెట్టుకోదు! ఎప్పుడూ లెక్కపెట్టుకోదు! బాయిలర్ గది కిటికీ దగ్గరుంది, వెనక్కి వెళ్ళమనండి!"

రఘూత్తమన్ పెట్రోలు వైపు చూడలేదు. "పదకొండు కాదు, ప... పన్నెండు," అన్నాడు. "బాయిలర్ గది కిటికీ దగ్గర ఇంకొకరున్నారు. పేరు త్రేస్యామ్మ. బృందం దయచేసి వెనక్కి తిరగాలి."

అద్దాల గదికి పరుగెత్తిన దినరాజ్ గొంతు స్పీకర్‌లోంచి వినబడింది, రిపోర్టర్‌తో. "నీ ఫోను గట్టు మీదున్న అధికారికివ్వు, బృందానికి వైర్‌లెస్‌లో చెప్పాలి. ఇప్పుడే. కెమెరాని బాయిలర్ వైపు తిప్పమను. ఇంకా ఎడమకి. ఇంకా."

స్టూడియో గోడకున్న తెరలో వాన. కాలిబాట మీద నారింజరంగు కోట్లు ఆగాయి, వెనక్కి తిరిగాయి. ఫ్యాక్టరీ గోడ సగం ఒరిగి ఉంది. దాని చివర ఒక కిటికీ, కిటికీ చువ్వల మధ్య ఎర్రటి బట్ట. బిన్సికి ఆ తువ్వాలు తెలుసు. అది ఊగుతోంది. చేతికి ఊగుతోందో గాలికి ఊగుతోందో అంత దూరంనుంచి తెలియడం లేదు.

"పరుగెత్తండయ్యా," అంది బిన్సి తెరతో. "పరుగెత్తండి."