కోడి ఈకల కర్ర

"పూతకి కూలీలెందుకండీ, ఇంట్లో మా ఆవిడ ఉందిగా."

టీ గ్లాసులు కడుగుతున్న హ్వీజెన్‌కి వాకిట్లోంచి మొగుడి మాట వినిపించింది. ఊళ్ళో ఏ రైతుకి ఏడాదికి ఎంత మిగులుతోందో కనుక్కోవడానికి ప్రభుత్వ ఉద్యోగి ఒకాయన వచ్చాడు. ఆయన ముందు తింగ్‌ఫూ కాలు మీద కాలేసుకుని బేరి తోట ఖర్చులన్నీ ఏకరువు పెట్టాడు. ఎరువులు, పురుగుమందు, కాయలకి తొడిగే కాగితం సంచులు, మూడు చక్రాల బండికి డీజిలు. పూతకి పుప్పొడి పట్టించిన కూలి ఎంతయిందని అడిగితే ఇదీ జవాబు. ఉద్యోగి నవ్వాడు. "అదృష్టవంతులు. కూలీల్నే పెట్టి ఉంటే మీ తోటకి నష్టమే వచ్చేది" అన్నాడు. పక్కనే కూర్చున్న అత్తగారు అదేదో తన కొడుకు గొప్పతనమైనట్టు మురిసిపోయింది. హ్వీజెన్ తీసుకొచ్చిన టీ ముగ్గురూ తాగారు. ఆమె మొహం వైపు ఎవరూ చూడలేదు.

ఆ లోయలో తేనెటీగలు లేక చాలా ఏళ్ళయింది. మందులు కొట్టీ కొట్టీ ఉన్నవాటిని చంపేశారు, తేనెపెట్టెల వాళ్ళు అటువైపు రావడం మానేశారు. ఈగలు చేసే పని అప్పట్నుంచీ ఆడవాళ్ళు చేస్తున్నారు. వేరే జాతి బేరి పూలు ముందే కోసుకొచ్చి, ఆరబెట్టి, పుప్పొడి తీస్తారు. వెదురు కర్ర చివర కోడి ఈకల కుచ్చు కట్టి, దాన్ని పొడిలో అద్ది, చెట్టెక్కి పువ్వు పువ్వుకీ తాకిస్తారు. తాకిన పువ్వు పిందె కడుతుంది, తాకనిది రాలిపోతుంది. పూత నిలిచేది నాలుగైదు రోజులే. మగాళ్ళు ఎక్కితే కొమ్మలు విరుగుతాయని పూర్వం ఎవడో తెలివైనవాడు కనిపెట్టాడు. ఆ పుణ్యాన వాళ్ళు కింద నిచ్చెన పట్టుకుని సిగరెట్లు కాలుస్తారు.

నష్టమే వచ్చేదట. బియ్యం కడుగుతున్నా, పందికి కుడితి పోస్తున్నా హ్వీజెన్‌కి అదే మాట. అంటే పదహారేళ్ళుగా ఈ ఇల్లు లాభం అని చెప్పుకున్నదల్లా తన కూలి డబ్బులేనన్నమాట. గచ్చు తనే, ఫ్రిజ్ తనే, గోడంత టీవీ తనే. రాత్రిళ్ళు పక్కకి తిరగనివ్వని ఈ మెడ, పైకెత్తితే కలుక్కుమనే ఈ భుజం, అన్నీ కలిపి తింగ్‌ఫూ లాభం. రెండేళ్ళుగా ఆమె కుడి వైపే నములుతోంది. ఎడమ దవడ పన్ను పుచ్చిపోయింది. పోయిన ఏడు చెంగ్డూ పట్నం లారీ వచ్చి కాయలు కొనుక్కుపోయిన రోజున, బస్తీలో పళ్ళ డాక్టరుకి చూపించుకుంటానని అడిగింది. "డబ్బులేమన్నా చెట్లకి కాస్తున్నాయా?" అన్నాడు తింగ్‌ఫూ. తమ కొండల్లో కాసే తిమ్మిరి మిరియపు గింజ కొరుక్కుంటే దవడ తిమ్మిరెక్కి నొప్పి తెలియదని అత్త వైద్యం చెప్పింది. ఆ నెలలోనే టీవీ వచ్చింది. ఇవాళ తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది. కాయడం లేదూ? ఈ ఊళ్ళో డబ్బులు చెట్లకే కాస్తాయి. అదీ తను తాకిన కొమ్మలకే.

గట్టు అవతల పాన్ పిన్నిది పెద్ద తోట. మొగుడు పోయాక కూలీల్ని పెట్టి తనే నడుపుకుంటోంది. హ్వీజెన్ చెయ్యి చురుకని, పూత రోజుల్లో రమ్మని ఏటా కబురు పెడుతుంది. రోజుకి నూట ఇరవై యువాన్లు, మధ్యాహ్నం పందిమాంసంతో భోజనం. మా తోట ఎవరు చూస్తారని ఏటా తింగ్‌ఫూయే జవాబు చెప్పి పంపించేవాడు. ఈసారి కబురు అందేసరికి అతను మాజాంగ్ జూదపు బల్ల దగ్గర ఉన్నాడు. వస్తానని హ్వీజెన్ చెప్పింది.

పూత విచ్చిన రోజు పొద్దున్నే గంజి కాచి, పందికి మేత వేసి, కర్ర భుజాన పెట్టుకుని బయలుదేరింది. దారిలో సొంత తోట తెల్లగా విరగబూసి ఉంది. ఒక్క క్షణం కాళ్ళు ఆగాయి. ఒక్కో చెట్టూ ఆమెకి పిల్లల్ని ఎరిగినట్టు తెలుసు. చేతులు అటే లాగాయి. అయినా గట్టు ఎక్కి అవతలికి దిగిపోయింది.

మధ్యాహ్నానికి తింగ్‌ఫూ రొప్పుకుంటూ వచ్చి ఆమె చెట్టు కింద నిలబడ్డాడు.

"మన తోట వదిలేసి ఇక్కడేం చేస్తున్నావు?"

"కూలికొచ్చాను."

"మరి మన చెట్లకో?"

"కూలీల్ని పెట్టుకో. నీకు నష్టం వస్తుందనుకో, అది వేరే సంగతి."

చెట్ల మీద ఆడవాళ్ళ చేతులన్నీ ఆగిపోయాయి. అతను గొంతు తగ్గించి, నలుగురిలో నా పరువు తీస్తున్నావన్నాడు. పక్క చెట్టు మీంచి ఎవరో, "పరువు కూడా అక్కే మొయ్యాలా అన్నా?" అన్నారు. నవ్వులు వినపడేసరికి అతను వెనక్కి తిరిగాడు.

కూలీల కోసం ఊరంతా తిరిగాడు. చేతిలో కర్ర ఉన్న ఆడదల్లా ఎవరో ఒకరికి ముందే మాటిచ్చేసింది. సాయంత్రం అత్త గుమ్మంలోనే కాపు కాసింది.

"సొంత మొగుడి తోట ఎండబెట్టి పరాయి చెట్లెక్కే ఆడదాన్ని నా జన్మలో చూళ్ళేదే."

"నేనూ చూళ్ళేదత్తా. అందుకే నీ పళ్ళూ పోయాయి, నా పళ్ళూ పోతున్నాయి."

ముసలామె ఏదో అనబోయి బోసినోరు మూసుకుంది. తన కాలంలో ఆ చెట్లెక్కింది ఆమే.

మర్నాడు తింగ్‌ఫూ తనే చెట్టెక్కాడు. కొమ్మ ఒకటి విరిగింది, పుప్పొడి సీసా బురదలో పడింది. పొద్దు వాలే వేళకి మోచెయ్యి గీరుకుపోయి, పాన్ పిన్ని తోట దారిలో హ్వీజెన్ కోసం నిలబడి ఉన్నాడు. కొండ మీద మబ్బు పడుతోంది.

"రేపు రా. ఆ నూట ఇరవై నేనే ఇస్తాను" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"రేపు పిన్నికి మాటిచ్చాను. ఎల్లుండి వస్తాను."

"ఎల్లుండికి సగం పూత రాలిపోతుంది."

"రాలుతుంది" అంది హ్వీజెన్. కర్ర చివరి ఈకల్ని చేత్తో దువ్వి సరిచేసింది. "కూలి పొద్దున్నే చేతిలో పెట్టాలి. మధ్యాహ్నం మాంసం ఉండాలి, అందరికీ పెట్టినట్టే. మెత్తగా ఉడకాలి, నేను గట్టివి నమల్లేను."

అతను తలూపాడు. ఆమె నాలుగడుగులు ముందుకేసి ఆగింది.

"వండేది మాత్రం నేను కాదు."