పన్నెండు మిల్లీలీటర్లు

గుడ్‌వేగ్ ఆ లెక్క నాలుగోసారి చేసింది. ఐదు మిల్లీలీటర్ల మందులో నూటపాతిక మిల్లీగ్రాములుంటే, రోగికి మూడువందలు ఇవ్వాలంటే ఎంత పోయాలి? నాలుగుసార్లూ పన్నెండే వచ్చింది. టాబ్లెట్‌లోని పుస్తకం మాత్రం పదిహేనంటోంది.

మనుషుల్నీ వాహనాల్నీ ఒడ్డు దాటించే ఫెర్రీ ఓడలో వంట చేస్తూనే, నలభై తొమ్మిదేళ్ల వయసులో ఆమె ఆన్‌లైన్‌లో నర్సు చదువులో చేరింది. కొండల నడుమకు చొచ్చుకొచ్చిన ఆ సముద్రపు పాయ, ఫ్యోర్డ్, మధ్యలో సిగ్నల్ ఉండదు. అందుకే రేవులో ఉండగానే పాఠం దించుకుని, చేపల సూప్ ఉడికేలోగా చదివేది. లెక్కలు తన బుర్రకెక్కవని చిన్నప్పుడు బళ్లో అన్న మాట ఇంకా ఆమెను వదల్లేదు.

"ఏంటి, పుస్తకంతో పోట్లాటా?" కెప్టెన్ ఓడ్వార్ తొంగిచూశాడు.

"తప్పు దాందేనేమో అనిపిస్తోంది."

"అయితే అడుగు."

"అడిగి నవ్వులపాలవనా?"

"ఆరేళ్లుగా నేను ఓడ నడిపే తీరుకు వంకలు పెడుతున్నావు. పుస్తకానికి పెట్టలేవా?"

ఆ పుస్తకంలో ఏ వాక్యం పక్కనైనా ప్రశ్న రాస్తే తరగతి అంతటికీ కనిపిస్తుంది. రేవు చేరగానే గుడ్‌వేగ్ గుండె చిక్కబట్టుకుని రాసింది: "నాకు పన్నెండు వస్తోంది. ఎక్కడ తప్పుతున్నాను?"

అవతలి ఒడ్డుకు వెళ్లి వచ్చేసరికి ముప్పై ఒక్క జవాబులు!

"నాకూ పన్నెండే!"

"నేనే మొద్దునని నోరు మూసుకున్నా."

"ఈ మాట రెండు వారాల ముందే అనొచ్చుగా, గుడ్‌వేగ్!"

గురువారం ఆన్‌లైన్ క్లాసులో లెక్చరర్ ఐవిన్ గొంతు సవరించుకున్నాడు. "పుస్తకం రాసింది నేను. తప్పూ నాదే. మూడేళ్లుగా ఎవరూ అడగలేదు. గుడ్‌వేగ్, ఎలా చేశారో మీరే చెప్పండి."

"ముందు ఒక్క మిల్లీలీటర్‌లో ఎంతుందో చూశా. ఇరవై ఐదు. మూడువందల్లో ఇరవై ఐదులు పన్నెండు. నలుగురికి వండే కొలతను నలభై మందికి పెంచడం నాకు రోజూ ఉండే పనేగా!"

ఐవిన్ అక్కడికక్కడే దిద్దాడు. అందరి తెరల మీదా పదిహేను పోయి పన్నెండు వచ్చింది. కింద ఆమె చెప్పిన పద్ధతి, ఆమె పేరుతో సహా చేరింది. గుడ్‌వేగ్ ఆ పేజీని పదిసార్లు చూసుకుంది.

డిసెంబరులో మందుల లెక్కల పరీక్ష. ఒక్కటి తప్పినా ఫెయిలే. ఆమె ఒక్కటీ తప్పలేదు.

ఫలితం వచ్చిన మధ్యాహ్నం ఫెర్రీ మైకులో ఓడ్వార్ గొంతు గరగరలాడింది. "ప్రయాణికులకు మనవి. మన వంటగదిలో ఒక నర్సు తయారవుతోంది. ఈ రోజు లెక్కల్లో నూటికి నూరు!"

కింది డెక్కులో ఒక కారు హారన్ మోగింది. మరొకటి అందుకుంది. చివరికి లారీలు కూడా కలిశాయి. గుడ్‌వేగ్ చేతిలో గరిటెతోనే మెట్ల మీదికి వచ్చి, నవ్వుతూ ఏడుస్తూ అందరికీ చెయ్యి ఊపింది.