చెక్క వేసే జయశీల

జయశీల వంగి, డబ్బాలోని సున్నాన్ని వేళ్ల సందుల్లోంచి వదులుతూ, బస్సుల ప్లాట్‌ఫారం పక్కన గీత గీస్తూ వెనక్కి నడుస్తోంది. శంషాబాద్‌లో రోడ్డు నడుమ బస్సుల కోసమే విడిగా వేసిన దారి అది. విమానాశ్రయం మీదుగా తుక్కుగూడ దాకా కొన్ని నెలలుగా ప్రయోగంగా నడుస్తోంది. ప్లాట్‌ఫారం బస్సు లోపలి నేలకు సమానంగా ఉంటుంది. మెట్లెక్కే పని లేకుండా నేరుగా లోపలికి నడవొచ్చు. నడవొచ్చు సరే, బస్సు దగ్గరికి రావాలి కదా! బస్సు అంచుకు గీసుకుంటే జీతంలో కోత పడుతుందని డ్రైవర్లు జానెడు దూరంలోనే ఆపేసేవాళ్లు. ఆ సందు మీద చెక్క వేయడానికే జయశీలను పెట్టారు.

పెద్ద అరచేతులు, గట్టి ముంజేతులు, నవ్వితే కనిపించే విరిగిన పన్ను. ఇద్దరు మోయాల్సిన చెక్కను ఒక్కతే భుజాన వేసుకుంటుంది.

"చర్చికి పోయే అక్క ముగ్గేస్తున్నది, సూడుండ్రి" అన్నాడు టికెట్లిచ్చే మధు.

"ముగ్గు గాదు. డ్రైవర్ బాలమల్లన్నకు బాట."

ఇదంతా ప్రియదర్శిని వల్ల వచ్చింది. కొత్వాల్‌గూడ రైతుల పిల్ల, చక్రాల కుర్చీలో విమానాశ్రయంలోని సరుకుల ఆఫీసుకు వెళ్తుంది. జయశీలకు జ్వరం వచ్చిన రోజు చెక్క వేసేవాళ్లు లేక ఇంటికి తిరిగిపోయింది. మర్నాడు కోపమేమీ లేకుండా, మామూలుగానే అడిగింది.

"నువ్వు రాని నాడు నేను ఇంట్లనే ఉండాల్నా అక్కా?"

ఆ మాటతో జయశీలకు ఆ పూట అన్నం సహించలేదు. బస్సు ఆనుకుని ఆగితే చెక్క అక్కర్లేదు. చెక్క అక్కర్లేకపోతే తానూ అక్కర్లేదు. ఇంటికి సంపాదన ఆమెదొక్కటే. అన్నీ తెలిసే సున్నం డబ్బా పట్టింది. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాళ్లను లోకం పిచ్చివాళ్లంటుంది. అననీ.

డ్రైవరు కూర్చునేది కుడివైపే, ప్లాట్‌ఫారమూ కుడివైపే. కిటికీలోంచి చూస్తూ ముందు చక్రాన్ని గీత మీద నడిపితే చాలు. కొన్నాళ్లుగా రోజూ గీస్తుంటే మిగతా డ్రైవర్లంతా అలవాటు పడ్డారు. ప్రియదర్శిని ఎక్కే బస్సు నడిపే బాలమల్లుకే ఇంకా భయం.

బస్సు వచ్చింది. ప్రియదర్శిని కుర్చీలో ఎదురుచూస్తుంటే, జయశీల ప్లాట్‌ఫారం చివర నిలబడి చేత్తో రమ్మంటోంది.

"జర లోపటికి అన్నా! ఇంక జర!"

"గీసుకుంటదక్కా!"

"గీసుకోదు. నన్ను సూడకు, గీతను సూడు."

బాలమల్లు పళ్లు బిగించి చక్రాన్ని సున్నం మీదికి తెచ్చాడు. బస్సు ఆగింది. చిటికెన వేలు పట్టేంత సందు మిగిలింది. మధు సాయానికి రాబోతే జయశీల వాడి చొక్కా పట్టి ఆపింది. ప్రియదర్శిని కుర్చీ చిన్న కుదుపుతో సందు దాటింది. లోపలికి వెళ్లి ఇటు తిరిగింది.

"నేనే ఎక్కిన అక్కా!"

"సూసిన బిడ్డా, సూసిన. స్తోత్రం."

ఎంత సంతోషమో జయశీలకు! తన తిండి తానే పోగొట్టుకున్న మనిషి మొహంలా లేదు ఆ మొహం.

మధ్యాహ్నం అధికారి హరిప్రసాద్ వచ్చి, వరసగా బస్సులు ఆనుకుని ఆగడం చూసి, సున్నం మీద పసుపు రంగు వేయించాడు. తర్వాత చాలాసేపు ఫోన్లో మాట్లాడి ఆమె దగ్గరికి వచ్చాడు. మంచివాడు, కళ్లలోకి చూడలేకపోయాడు.

"అమ్మా, చెక్క పని తీసేశారండి. రేపటి నుంచి రావక్కర్లేదు. ఇంకోచోట ఏదైనా ఉంటే తప్పకుండా చెబుతాను."

"తెల్సు సార్. ఆ గీతను మాత్రం ఇడువకుండ్రి. వానకు పోతే మల్ల ఏయుండ్రి."

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లే తుక్కుగూడ బస్సు వచ్చి ప్లాట్‌ఫారానికి ఆనుకుని ఆగింది. జయశీల అందరితో పాటు కిందికి చూడకుండానే ఎక్కేసింది.

ఆమె విప్పి, మడతపెట్టి ప్లాట్‌ఫారం కమ్మీ మీద వేసిన నారింజ రంగు డ్యూటీ కోటు అక్కడే ఉంది. చెక్క ఆని ఆని, దాని కుడి భుజం మీద రంగు వెలిసిపోయి దారాలు కనిపిస్తున్నాయి.