ఒక రోజు ఆలస్యంగా మెరిశాను

నేను ఒక ఫ్లాష్‌ని. కెమెరాని కాదు. ఆ పేరూ, ఆ గొప్పా అంతా కింద ఉన్న లెన్సు అద్దానివి. దాని నెత్తిమీద చిన్న మూతలో ముడుచుకుని కూర్చునేదాన్ని నేను. మెరుపు గుర్తున్న బొత్తాం నొక్కితే స్ప్రింగు మీద టక్కున పైకి లేవాలి, రెప్పపాటు మెరవాలి, మళ్ళీ లోపలికి పోవాలి. ఇదే నా ఉద్యోగం. ఫోటో బాగుంటే కెమెరా మంచిదంటారు, బాగోకపోతే ఫ్లాష్ పాడైందంటారు. పుట్టినప్పటి నుంచీ ఈ మాట పడుతూనే ఉన్నాను.

సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో, ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి నన్ను బిగించింది. ఒకసారి మెరిపించి, కళ్ళు నులుముకుని, పెట్టెలోకి తోసేసింది. మొదట కొన్నది గుంటూరులో ఒక బ్యాంకు ఆఫీసరు. మహానుభావుడు, మిట్టమధ్యాహ్నం ఎర్రటి ఎండలో నన్ను మెరిపించేవాడు. చీకట్లో మాత్రం బ్యాటరీ అయిపోతుందని ఆపేసేవాడు. మనుషుల తెలివి మీద నాకు అనుమానం మొదలైంది అక్కడే. రెండేళ్ళకు మోజు తీరి, వేటపాలెంలో ఫోటో స్టూడియో నడిపే బాలకోటయ్యకు నన్ను అమ్మేశాడు.

బాలకోటయ్య మంచివాడు. కాసేపట్లో తిట్టబోతున్నాను కనుక ఆ మాట ముందే చెబుతున్నాను. పెళ్ళిళ్ళకూ, చెవులు కుట్టే వేడుకలకూ, ఎవరైనా పోతే ఆ ఇంటికీ నన్ను మోసుకెళ్ళేవాడు. చేనేత వీధుల్లో చాలామందికి జీవితం మొత్తం మీద ఆ పోయినప్పటి ఫోటో ఒక్కటే దిక్కు. కంప్యూటర్ కొన్నాక ఆయన ఒక విద్య నేర్చాడు. శవం ఫోటోలో మూసుకున్న కళ్ళ మీద ఇంకెవరివో తెరిచిన కళ్ళు తెచ్చి అతికించేవాడు. జనం చూసి, అచ్చం బతికున్నట్టే ఉన్నాడని ఏడ్చేవాళ్ళు.

ఆ ఏడాది దసరాకు ఆయుధపూజ ఘనంగా చేశాడు. కంప్యూటర్‌కు బొట్టు, కత్తెరకు బొట్టు, గిరాకీలు కూర్చునే స్టూలుకు కూడా బొట్టు. ఇక నాకైతే సరిగ్గా నేను పైకి లేచే సందు మీద, బొటనవేలంత గంధం పూసి, కుంకుమ దిద్దాడు. తడి గంధం సందులోకి దిగి రాయిలా ఎండిపోయింది. పూజలో పెట్టిన బొట్టు చేత్తో తుడవకూడదట, దానంతట అది రాలాలట. భక్తి ఆయనది, ఊపిరాడనిది నాకు.

నాలుగు రోజులకు వాయుగుండం పట్టింది. వీధుల్లో మగ్గం గుంటల్లోకి నీళ్ళు ఊరి పని ఆగిపోయింది, కరెంటు పోయింది. మధ్యాహ్నం పూట చౌడేశ్వరి తడిసి ముద్దయి స్టూడియోకి వచ్చింది. పై వీధిలో నేతపని చేసే రామలింగమ్మ కూతురు.

“అన్నా, మా అమ్మ రేపో మాపో అన్నట్టుంది. కళ్ళు తెరుచుకుని ఉండగానే ఒక్క ఫోటో తియ్యాల. మా నాయనది చూశావుగా.”

చూశాడు. వాళ్ళింటి గోడ మీద ముక్కులో దూదితో, దవడకు గుడ్డ కట్టి ఉన్న ఫోటో. చౌడేశ్వరికి అప్పుడు ఆరేళ్ళు. తండ్రి మొహం అంటే ఆమెకు తెలిసింది అదే.

“కంప్యూటర్లో పెట్టే కళ్ళు నాకొద్దన్నా. మా అమ్మ కళ్ళే కావాల,” అంది.

ఆ ఇంట్లో ఒకటే గది. కిటికీ లేదు. సగం గదిని మగ్గమే తినేసింది. మిగిలిన సగంలో మంచం మీద రామలింగమ్మ ఉంది. ఉతికిన చీర కట్టించి, తల దువ్వి, వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. మనిషిలో ఇంకేమీ మిగల్లేదు గానీ, అబ్బ, ఏం కళ్ళవి! రెప్ప వేస్తే ఫోటో పోతుందేమోనని పెద్దవి చేసుకుని అద్దం వైపే చూస్తోంది.

బాలకోటయ్య బొత్తాం నొక్కాడు. నేను లేవబోయాను. గోరంత లేచి ఆగిపోయాను. పూర్తిగా లేస్తే గాని నాలోకి కరెంటు ఎక్కదు. నా బలమంతా పెట్టి తన్నుకున్నాను. గంధం కదల్లేదు.

బ్యాటరీ మార్చాడు. సెట్టింగులన్నీ తిప్పాడు, మొత్తం చెరిపి మొదటికి తెచ్చాడు. మెమరీ కార్డు తీసి ఊది పెట్టాడు. ఫ్లాష్ లేకుండా లాంతరు వెలుగులో అయిదారు తీశాడు. వెలుగు చాలక, అన్నిట్లో మొహం అలికేసినట్టు వచ్చింది. ఆమెను బయటి వెలుగులోకి మోద్దామంటే కుండపోత వాన.

“ఇంకా మెరవలేదేంది నాయనా?” అని అడిగింది రామలింగమ్మ. గొంతు పీలగా ఉంది.

“వస్తదమ్మా, వస్తది. ఇటే చూడు.”

కాసేపు చూసి ఆమె మళ్ళీ అంది, “నెత్తిన ఆ బొట్టు అడ్డమేమో. గంజి ఎండితే మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఇట్టానే పట్టేస్తది. గోటితో గీకి చూడరాదూ?”

చచ్చే మనిషి చెప్పింది. మంచంలోంచి, చీకట్లో, ఒక్క చూపులో నా జబ్బు పట్టేసింది. నాకు నోరుంటే వింటావా లేదా అని అరిచేదాన్ని.

“తప్పమ్మా! పూజ బొట్టు,” అన్నాడు బాలకోటయ్య. అని ఊరుకున్నాడా? అదే బొట్టును వేలితో తాకి కళ్ళకద్దుకుని, తల్లీ ఈ ఒక్కసారికి గట్టెక్కించు అని దండం పెట్టాడు.

రామలింగమ్మ గంటసేపు కళ్ళు తెరుచుకునే ఉంది. తర్వాత వాలిపోయింది. రేపు పొద్దున్నే బాగుచేయించుకుని వస్తానని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. చీరాలలో మెకానిక్ పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి సందంతా తుడిచాడు. పసుపురంగు పెచ్చులు రాలాయి. టక్కున లేచాను. “గంధమండీ, అంతే,” అని నవ్వాడు మెకానిక్. బాలకోటయ్య నవ్వలేదు. అక్కడి నుంచి తిన్నగా పై వీధికే వచ్చాడు.

ఇంటి ముందు జనం ఉన్నారు. తెల్లవారుజామునే పోయిందట.

ఆ రోజు నేను ఎంత బాగా మెరిశానో చెప్పలేను. దండలో ఒక్కో పువ్వూ ఫోటోలో పడింది. మూసిన రెప్పల మీది ముడతలు కూడా పడ్డాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

చౌడేశ్వరి అమ్మ మెడలో దండ సర్ది, ఆయన వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను.

“ఎవరియ్యో కళ్ళు వద్దన్నా,” అంది. “నా కళ్ళు ఫోటో తీసి అమ్మకు పెట్టు. అచ్చం మా అమ్మ కళ్ళేనంటారు అందరూ.”

గోడకు ఆనుకుని నిలబడింది. కన్నీళ్ళు ఆగడం లేదు. “ఒక్క క్షణం ఏడవబాకమ్మా,” అన్నాడు బాలకోటయ్య, తాను ఏడుస్తూనే. ఆమె పైటతో తుడుచుకుని, కళ్ళు పెద్దవి చేసింది. నేను మెరిశాను.

ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లే. నేను స్టూడియో బీరువాలో, కాలం తీరిన ఆల్బమ్‌ల కింద పడి ఉన్నాను. బాలకోటయ్య ఇప్పటికీ దసరాకు నన్ను బయటికి తీసి, గుడ్డతో తుడిచి, బొట్టు పెట్టకుండా మళ్ళీ లోపల పెడతాడు. నన్ను అమ్మడు, పారెయ్యడు.

పై వీధిలో ఆ ఇంటి గోడ మీద రామలింగమ్మ కళ్ళు తెరుచుకుని ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక్కో కంట్లో తెల్లటి చుక్క ఒకటి కనిపిస్తుంది. ఆ చుక్క నేనే. కూతురి కళ్ళలో పడ్డ నా మెరుపు. నా కోసం గంటసేపు రెప్ప వెయ్యకుండా చూసిన కళ్ళలో మాత్రం నేను ఒక్కసారి కూడా పడలేదు.