ఇంజను ఎదురు తిరిగింది

ఊకొట్టమ్మకి ముప్పై నాలుగేళ్లు. ఎవరేం చెప్పినా "ఊ" అనడం ఆమె అలవాటు. ఆ పేరు అలా వచ్చిందే. తెల్లవారగానే పిండిమర తలుపు తీసి, ఇంజను నెత్తిమీది ఇనప బుర్రని మంటతో ఎర్రగా కాల్చేది. తాతలనాటి ఇంజను. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు దానికి లేదు. కాలిన బుర్రలో నూనె పడితే భగ్గుమంటుంది, ఆ తోపుకి చక్రం తిరుగుతుంది. ఎటు తిరగాలన్న పట్టింపు మాత్రం దానికి లేదు. చక్రం నెమ్మదించి ఆగబోయే ముందు నూనె పడిందా, ఒక్క తన్ను తన్ని వెనక్కి తిరిగేది.

అప్పుడు పిండి గోధుమలై మళ్లీ తొట్టిలోకి ఎక్కేది. "ఎదురు తిరిగిందా? సరేలే, రేపొస్తా" అని జనం గింజలు మూటగట్టుకు పోయేవాళ్లు. ఓసారి తొట్టి మీద చెయ్యేసి నిలబడ్డ ముసలాయన నల్ల మీసాలతో ఇంటికెళ్లి పెళ్లాం చేత తిట్లు తిన్నాడు.

మర ఆమె నాన్నది. పెళ్లాడి, మొగుడు ఆమెకీ దానికీ కలిపి యజమాని అయ్యాడు. నిన్న ఇంజను వెనక్కి తిరిగినప్పుడు అందరి ముందూ అన్నాడు: "దానికి ఈ బుద్ధి నువ్వే నేర్పావు. ఇంకోసారి ఎదురు తిరిగిందా, నీ చెయ్యి బెల్టులో పెడతా."

ఆమె "ఊ" అంది.

ఇవాళ పొద్దుట్నించీ ఆమె కళ్లు చక్రం మీదే. అది కాస్త బరువుగా తిరిగితే చాలు, నూనె కుళాయి ఇంకాస్త తెరిచేది.

"ఏమే, అలా వణుకుతున్నావ్, జ్వరమా?" అంది గోధుమలు తెచ్చిన పక్కింటి పిన్ని.

"ఊ."

మధ్యాహ్నం మొగుడొచ్చాడు. చక్రం సరిగ్గానే తిరుగుతోంది. అది చూసి అతనికి ఇంకా మండింది.

"భయముంటే ఎంత బుద్ధిగా తిరుగుతోందో చూశావా? నీకూ గుర్తుండాలిగా!" అంటూ ఆమె కుడిచెయ్యి పట్టి బెల్టు వైపు లాగాడు. ఊతానికి రెండో చెయ్యి తొట్టి మీద వేశాడు.

"ఇదిగో, వదలవయ్యా! వదులు!" పిన్ని అరిచింది.

బెల్టు విసురు ఆమె గోళ్లకి తగిలింది. ఎడంచేత్తో కుళాయి కట్టేసింది. అంత బరువు చక్రం ఆగడానికి ఎంతసేపో! అతను లాగుతున్నాడు, ఆమె కాళ్లు నేలకి తన్నిపెట్టింది. చక్రం ఇక ఆగుతుందనగా కుళాయి మళ్లీ తెరిచేసింది.

ఇంజను తన్నింది.

అతని వేళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి. అన్న మాటలన్నీ మింగుకుంటూ, వెనక్కి వెనక్కి నడుస్తూ గడప దాటాడు. వీధిలో జనం పక్కకి జరిగి దారిచ్చారు.

"ఎందాకా పోతాడే?" అంది పిన్ని, తొట్టికి దూరంగా జరుగుతూ.

"నూనె ఉన్నందాకా."

ఆమె మూలనున్న నూనె పీపా దొర్లించుకొచ్చింది.

సాయంత్రానికి గడప దగ్గరో బక్క కుర్రాడు నిలబడ్డాడు, పెళ్లి మాటలకొచ్చిన నాటి నీలం చొక్కాలో. ఆమె కుళాయి కట్టేసింది.

"అమ్మాయికి ఇష్టమేనా?" అన్నాడు అతను, అప్పటిలాగే నవ్వుతూ.

ఆమెకి ఇప్పుడూ భయమే.

"ఊహూఁ" అంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు మర ఆమే నడిపింది. పెళ్లి చేసుకోలేదు.