బండిదే తప్పు

“చూడు, మళ్లీ అదే!” అన్నాడు మా ఆయన కెల్, హెల్మెట్ తియ్యకుండానే. “ఎనభై దాటగానే హ్యాండిల్ వణుకుతోంది. పైగా ఎడమకి లాగేస్తోంది. ఆ బెవన్ గాడు సర్వీసు చేశాడో, చెడగొట్టాడో!”

పొద్దున్నుంచి ఇది మూడోసారి. వేయించిన గుడ్లు చల్లారి గట్టిపడ్డాయి, కాఫీ రెండుసార్లు వేడిచేశాను. ఈ మహానుభావుడు మాత్రం గోధుమ గోదాముల దాకా వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం. ఇంట్లో ఉంటే నేల మీద కాలు నిలవదు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి ఉండే ఈ మోటారు సైకిల్ని కొనిపించింది నేనే. ఎనిమిదేళ్ల కింద కుడి తుంటి పాడై, రెండు చక్రాల బండిని కాలు ఆన్చి నిలబెట్టలేక కూలబడితే, పోట్లాడి మరీ కొనిపించాను.

విసుక్కున్నాను గానీ, నా విసుగంతా భయమే. కెల్ వాళ్ల అన్నయ్య రాస్‌కి మొదట ఎడమ చెయ్యే వణికింది. ఆరేళ్లు తిరిగేసరికి చెంచా నోటి దాకా తీసుకెళ్లలేకపోయాడు. ఇప్పుడు మూడు వారాలుగా కెల్ కప్పు కుడి చేత్తోనే పట్టుకుంటున్నాడు. ఎడమ చెయ్యి జేబులోనే ఉంటోంది. మొన్న నిలదీశాను.

“అది బండి వణుకు, రేలీన్. హ్యాండిల్ పట్టుకుని పట్టుకుని చేతికి అంటుకుంది. సర్వీసు తర్వాతేగా మొదలైంది! బండిలో ఏమీ లేదని తేలితే నువ్వు చెప్పిన డాక్టరు దగ్గరికే వస్తా, సరేనా?” అన్నాడు.

సరే అన్నాను. బండిదే తప్పు కావాలని ఆ రాత్రంతా కోరుకున్నాను కూడా.

బెవన్ షెడ్డు వాళ్ల దాణా కొట్టు వెనకే ఉంటుంది. మమ్మల్ని చూడగానే చేతులు నడుం మీద పెట్టుకున్నాడు.

“ఏరా, మళ్లీ వచ్చావా? ఇక్కడే మంచం వేయించమంటావా?”

“ముందు బండి చూడరా, తర్వాత నోరు చేసుకుందువు గాని.”

బెవన్ ముందుగా రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాడు. ఎక్కడైనా బ్రేకు పట్టేస్తుంటే ఆ పక్క కాలిపోవాలిట. రెండూ ఒకేలా ఉన్నాయి. గాలి కొలిచాడు, సమానం. జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. ఎక్కడా లూజు లేదు. గిర్రున తిప్పితే టైరు తిన్నగా తిరిగింది. విప్పి మిషను మీద పెట్టి చక్రం బ్యాలెన్సు కూడా చూశాడు. అదీ సరిగ్గానే ఉంది.

“వణుకు నాకు కనపడట్లేదు,” అన్నాడు చివరికి. “లాగడం అంటావా, మన రోడ్లు ఎడమకి వాలి ఉంటాయి. వాన నీళ్లు జారాలి కదా.”

కెల్‌కి చర్రున మండింది. “నలభై ఏళ్లుగా ఆ రోడ్డు మీదే తిరుగుతున్నా. రోడ్డు సంగతి నాకు చెప్తావా నువ్వు?”

“అయితే వాలు లేని చోటికి పద. తేల్చుకుందాం.”

మా ఊళ్లో వాలు లేని చోటు ఒక్కటే, ఊరి బయటి రన్‌వే. రోగి కోసం డాక్టర్ల విమానం వచ్చినప్పుడు తప్ప మిగతా రోజుల్లో అక్కడ కంగారూలే ఉంటాయి. బెవన్ కౌన్సిల్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఇవాళ విమానం ఏదీ రావట్లేదని కనుక్కున్నాడు. కంగారూల్ని నేను ట్రక్కు హారన్‌తో తరిమాను.

కెల్ మధ్య తెల్లగీత మీద తిన్నగా వచ్చి, మా ముందుకు రాగానే పట్టు వదులు చేశాడు. బండి మెల్లగా గీత దాటి ఎడమకి జరిగింది. బల్లలాంటి నేల మీద కూడా!

“చెప్పానా! నేను చెప్పానా!” అని అక్కణ్ణుంచే అరిచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

బెవన్ ముఖం చిన్నబోయింది. “మరి సర్వీసులో ముందు చక్రాలు తిన్నగా ఉండేలా ఎలా సరిచేశావు?” అని అడిగాను.

“ఎప్పటిలాగే. సీటు మీద మనిషి బరువు ఉంటేనే ముందు చక్రాలు సరిగ్గా కుదురుతాయి. మీ ఆయన్ని గంటసేపు కూర్చోబెడితే నా బుర్ర తినేస్తాడు. అందుకే దాణా బస్తాలు పెడతా.”

“సీటు మధ్యలోనేనా?”

“కాదు, ఎడమ పక్కకి. వాడు ఒరిగేగా కూర్చుంటాడు, ఆ తుంటితో...” అని ఠక్కున ఆగిపోయాడు.

మొన్న చలికాలంలోనే ఆపరేషన్ చేసి కెల్ తుంటి కీలు మార్చారు. ఇప్పుడు కర్రలా నిటారుగా కూర్చుంటున్నాడు. ఆసుపత్రిలో ఉన్న ఆ పది రోజులూ మా కుక్కకి తిండి పెట్టింది ఈ బెవనే! కొత్త మెకానిక్ అయితే మనిషిని సీటు ఎక్కించి చూసేవాడు. కెల్ ఎలా కూర్చుంటాడో ఊరందరికీ కంఠతా వచ్చు, అందుకే ఎవరూ చూడలేదు.

షెడ్డుకి తిరిగొచ్చాం. ఈసారి బస్తాలు లేవు. కెల్ సీటు మీద రాజులా కూర్చుని గంటసేపూ బెవన్‌ని ఏడిపిస్తూనే ఉన్నాడు.

“బస్తాకీ నాకూ తేడా తెలియదట్రా నీకు?”

“తెలుసు. బస్తా మాట్లాడదు.”

ముగ్గురం పగలబడి నవ్వాం. అంత నవ్వి ఎన్నాళ్లయిందో.

మళ్లీ రన్‌వే మీద కెల్ ఆ కొస దాకా వెళ్లి వచ్చాడు. బండి గీత మీద నుంచి వెంట్రుకవాసి జరగలేదు. బెవన్ చప్పట్లు కొట్టాడు. కెల్ మాత్రం ఆపి, కాసేపు దిగలేదు.

“లాగడం పోయింది,” అన్నాడు.

“వణుకు?” అన్నాను.

“ఉంది. కొంచెం. టైర్లు కొత్తవి వేస్తే...”

బెవన్ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ తుడిచాడు. “టైర్లు బాగానే ఉన్నాయిరా,” అన్నాడు మెల్లగా.

ఇంక ఆగలేకపోయాను. “వెనక్కి జరుగు. నేను నడుపుతా.”

“నువ్వెందుకు?”

“జరగమన్నానా!”

జరిగాడు. నేను ఎక్కాను. వెనక నుంచి రెండు చేతులూ నా నడుం చుట్టూ వేశాడు. అరవై, ఎనభై, వంద. హ్యాండిల్ నా చేతుల్లో వంటింటి బల్లలా కదలకుండా ఉంది. ఎంత వెతికినా ఒక్క అదురు దొరకలేదు. కానీ మందపాటి తోలు జాకెట్టు మీద నుంచి కూడా, నా పొట్టకి ఎడమ పక్కన, కెల్ చెయ్యి చిన్నగా, ఆగకుండా వణుకుతోంది. కుడి పక్కన లేదు.

“ఏమైనా తెలుస్తోందా?” గాల్లో గట్టిగా అరిచాడు కెల్.

అబద్ధం నాలుక దాకా వచ్చింది. ఇంకో నెల గడిచేది, కొత్త టైర్లతో. కానీ చెప్పలేకపోయాను.

“బండి బాగుంది, కెల్.”

కాసేపటికి ఆ ఎడమ చెయ్యి మెల్లగా జారిపోబోయింది, జేబులోకి కాబోలు. నేను వేగం తగ్గించి, నా ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద నుంచి తీసి, దాన్ని గట్టిగా పట్టుకున్నాను. అది నా చేతి కింద వణుకుతూనే ఉంది.

రన్‌వే చివరి దాకా ఒంటి చేత్తోనే నడిపాను. బండి ఎటూ లాగలేదు.