వినకూడని మాట

హెడ్‌ఫోన్ కాస్త జరుపుకుని ఏసీబీ ఆఫీసులో ఆమె టైపు చేస్తోంది. ఇసుక లారీలు, సిమెంటు ధరలు. లంచం మాట ఇంకా రాలేదు. లంచం కేసులో ఒక కాంట్రాక్టరు ఫోను వినడానికి హోంశాఖ అనుమతి ఉంది, ఇంటివాళ్ల కబుర్లు వినడానికి లేదు. సొంత మాటలు మొదలవగానే మీట నొక్కి ఆపేయాలి, కాసేపాగి మళ్లీ విని చూడాలి. ఇన్నేళ్లుగా జనం బతుకులు ఆమెకు ముక్కలుగానే తెలుసు. ఎవరి పెళ్లి కుదిరిందో, ఎవరి జ్వరం తగ్గిందో ఎన్నడూ తెలియలేదు. తన సొంత ఫోన్లోనూ రెండు పొడి మాటలు మాట్లాడి పెట్టేస్తుంది. "నీకంటే గోడ నయం, మధ్యలో పెట్టెయ్యదు" అంటాడు భర్త.

కాంట్రాక్టరుకు తల్లి ఫోను చేసింది. ఇక్కడ వింటున్న ఆమె మీట మీద వేలు పెట్టింది.

"ఒక్క నిమిషం అమ్మా," అని అతను ఫోను బల్ల మీద పెట్టి ఎటో వెళ్లాడు.

"ఎడమ చెయ్యి లాగేస్తోందిరా. ఒకటే చెమటలు. వింటున్నావా నాన్నా?"

ఆమె వింటోంది. మీట నొక్కలేదు. ఏదో బరువుగా పడిన చప్పుడు. తర్వాత ఫ్యాను శబ్దం. కొడుకు తిరిగొచ్చి, "అమ్మా? పెట్టేసినట్టుంది," అనుకుని కట్ చేశాడు.

ఆమె అధికారి గదిలోకి వెళ్లింది. "సార్, వాళ్లమ్మ పడిపోయింది. అంబులెన్సుకు చెప్దాం."

"ఎవరు చెప్పారని చెప్దాం? మనం వింటున్నట్టు వాడికి తెలిస్తే కేసు మట్టికొట్టుకుపోతుంది. అయినా అది సొంత మాట కదమ్మా. మీరు విననిదాని మీద నేనేం చెయ్యను?"

"విన్నాను సార్."

"ఆ ముక్క కాగితం మీద పెట్టమంటారా? ఉద్యోగం ఊడుతుంది. కూర్చోండి, పైవాళ్లని అడుగుతాను."

పైవాళ్లు భోజనానికి వెళ్లారు. తర్వాత మీటింగన్నారు. ఆమె ఫోను గేటు దగ్గర పెట్టెలో ఉంది. వెళ్లి అడిగింది.

"డ్యూటీ దిగేదాకా ఇవ్వకూడదు మేడం. రూలు మీకు తెలియనిదా," అన్నాడు గార్డు.

మధ్యాహ్నమంతా కాంట్రాక్టరు సిమెంటు గురించే మాట్లాడాడు. ఆమె ఒక్క మాట పోకుండా టైపు చేసింది. పొద్దు వాలుతుండగా అతని తల్లి పక్కింటాయన నుంచి ఫోను వచ్చింది.

"బాబూ, వెంటనే బయల్దేరు. అమ్మ ఇక..."

సొంత మాట. ఆమె మీట నొక్కింది.

ఇంటికి పోయే బస్సు మధ్యలోనే దిగేసింది. ఆ తల్లి ఇంటి చిరునామా కేసు కాగితాల్లో చూసిందే. వాకిట్లో నలుగురైదుగురు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఎవరమ్మా మీరు అంటే ఏ వరస చెప్పాలి? ఆమె గుమ్మం ఇవతలే ఆగిపోయింది. వరండాలో పీట మీద పళ్లెం. ఒక పక్క ఒలిచిన బఠాణీలు, ఒక పక్క కాయలు, మధ్యలో సగం విప్పిన కాయ ఒకటి.